ఓరుగల్లు ఆబ్కారీ చరిత్ర – 18వ భాగం: చెట్లు తగ్గాయి, సీసాలు తగ్గలేదు

పోయిన భాగం సర్వాయి పాపన్న దగ్గర ఆగింది. 1708 మార్చి 31న, మొహర్రం పదో రోజుకు ముందటి రాత్రి, జనగామ దగ్గరి ఖిలాషాపూర్ నుంచి బయలుదేరిన ఆ గౌడు బిడ్డ రెండు మూడు వేల కాల్బలంతో, నాలుగైదు వందల గుర్రాలతో వరంగల్ గోడల కింద దిగాడు. ఊరు పీరీల సందడిలో ఉండగానే కోటలో పడ్డాడు. రెండేళ్లకు, 1710లో, మొఘలు సేనలు అతణ్ని పట్టి చంపాయి. తాళ్లెక్కే కులంలో పుట్టి కోట ఎక్కిన మనిషిగా ఈ ప్రాంతపు గాథలు అతణ్ని ఇప్పటికీ పాడుతున్నాయి.

ఈ భాగంలో అలాంటి వీరుడెవరూ లేరు. సర్కారు లెక్కల పుస్తకం, తాటిచెట్టు, ఒక తెల్లటి పొడి ఉన్నాయి. మన పల్లెల్లో సీసాడు కల్లు తాగిన మనిషి మర్నాడు ఆ సీసా దొరక్కపోతే వణికిపోయి, ఫిట్స్ వచ్చి ఎందుకు పడిపోతున్నాడో తెలియాలంటే ఈ మూడింటి కథా కలిపి చదవాలి. పేరుకు అది కల్లే. లోపల ఉన్నది మాత్రం ఆస్పత్రి మందు.

1853లో మొదటి సాలార్‌జంగ్ దివాను అయ్యేనాటికి నిజాం ఖజానా ఖాళీగా ఉంది. ఆయన తెచ్చిన జిల్లాబందీ గురించి, భూమి శిస్తు సంస్కరణల గురించి చరిత్ర పుస్తకాలు చాలా చెబుతాయి. ఆబ్కారీ గురించి తక్కువే చెబుతాయి. సామాన్యుడి ఇంటికి సర్కారు ఎక్కువగా వచ్చింది ఆ దారినే. కల్లు, సారా, గంజాయి, నల్లమందు, నాలుగూ ఒకే శాఖ చేతికింద, ఒకే ఆదాయ పద్దులో ఉండేవి. పాట పెట్టి ఎక్కువకు పాడినవాడికి హక్కు ఇచ్చేవారు. దాన్నే మన దగ్గర మామ్ల అన్నారు. మామ్ల కట్టిన గుత్తేదారుకు ఊళ్లో చెట్లన్నీ తనవే. వాటిని గీసేవాడు తాతల నాటి నుంచి అదే చెట్టు ఎక్కుతున్నవాడైనా సరే, గుత్తేదారు దగ్గర కూలివాడే. కాలం గడిచేకొద్దీ ఆబ్కారీ నిజాం రాజ్యపు ప్రధాన ఆదాయాల్లో ఒకటైంది. పాట పాడినవాడు కట్టిన సొమ్ము రాబట్టుకోవాలి కాబట్టి తాగేవాళ్లు పెరగాలి. నా దృష్టిలో ఈ కథంతా ఆ అవసరం దగ్గరే మొదలవుతుంది. తాగుడు జనం బలహీనత వల్ల పెరిగిందనే వాళ్లు ఒక్కసారి ఆ మామ్ల లెక్క చూడాలి.

బ్రిటిషు పాలనలోని తెలుగు నేలమీద కూడా కథ ఇదే. గోదావరి ఏజెన్సీలో కొండరెడ్లు, కోయలు తమ చెట్ల కల్లు తాము తాగడం మీద ఆంక్షలు పెట్టి, మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేయబోతే 1879 మార్చిలో రంప భగ్గుమంది. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. తమ్మన్నదొర లాంటి నాయకులు ఏడాదికి పైగా సర్కారును నిలువరించారు. అల్లూరి సీతారామరాజు కంటే నలభై ఏళ్లకు పైగా ముందరి మాట అది. ఇంట్లో తాగే కల్లు మీద పన్ను వేస్తే కొండలు తిరగబడ్డాయి. అదే సర్కారు అదే జిల్లాలో నల్లమందు అమ్మితే ఎవరూ తిరగబడలేదు. తిరగబడే అవకాశం కూడా ఆ మందు ఇవ్వదు.

నల్లమందు నాటి మాట

నల్లమందు గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు గడ్డకట్టినది. నొప్పి తగ్గిస్తుంది, దగ్గు ఆపుతుంది, విరేచనాలు కట్టేస్తుంది. మలేరియా ప్రాంతాల్లో అది జ్వరం రాకుండా కాపాడుతుందని కూడా జనం నమ్మారు. గోదావరి జిల్లా గెజెటీర్‌ను 1907లో రాసిన హెమింగ్వే, మద్రాసు రాజధానిలో నల్లమందు వాడకం ఎక్కువగా ఉన్న జిల్లా ఇదేనని, జనం దాన్ని చలిజ్వరానికి ముందుజాగ్రత్తగా తీసుకుంటున్నారని రాశాడు. క్వినైను అందని మన్యంలో సర్కారు దుకాణంలో అందుబాటులో ఉన్న మందు అదొక్కటే. జ్వరం కోసం మొదలుపెట్టినవాడు జ్వరం పోయినా మానలేకపోయాడు.

అంతకు ముందే, 1893లో, లండన్ పార్లమెంటులో ఒత్తిడి వస్తే రాయల్ ఓపియం కమిషన్ వేశారు. సాక్షులను విచారించి 1895లో సంపుటాలకొద్దీ నివేదిక ఇచ్చారు. సారాంశం ఒక్కటే: ఇండియాలో నల్లమందు వల్ల పెద్ద ప్రమాదమేమీ లేదు, వ్యాపారం సాగవచ్చు. ఆదాయం తెచ్చే వస్తువు మీద ఆదాయం అందుకునేవాడే విచారణ జరిపితే తీర్పు ఇలాగే ఉంటుంది. ఆ నివేదిక మీద నాకు ఇంతకంటే గౌరవం లేదు.

ఆ ప్రమాదం లేని మందు ఏం చేసిందో పాతికేళ్లకు బొంబాయి చాళ్లలో బయటపడింది. మన కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి మగ్గాలు వదిలి వలస వెళ్లిన పద్మశాలీలు ఎందరో ఆ మిల్లుల్లో పనిచేశారు. మిల్లుకు వెళ్లే తల్లి పసిబిడ్డను ఎవరికి వదలాలి? చిన్న నల్లమందు గోలీ నోట్లో వేస్తే బిడ్డ సాయంత్రం దాకా నిద్రపోతుంది. మిల్లు కార్మికుల ఇళ్లను పరిశీలించిన డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలు 1922లో ఇచ్చిన లెక్క ప్రకారం, పనికి వెళ్లే తల్లుల పసిపిల్లల్లో నూటికి 98 మందికి నల్లమందు ఇస్తున్నారు. ఆకలేసినా ఏడవని బిడ్డ ఎండిపోతుంది. కొంచెం ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. ఆ తల్లులను నిందించే హక్కు ఎవరికీ లేదు. బిడ్డను చూసుకోవడానికి పగలు చోటివ్వని మిల్లు, వీధి చివర గోలీ అమ్మే లైసెన్సు దుకాణం, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. సి.ఎఫ్. ఆండ్రూస్ 1926లో ఇండియాలో నల్లమందు కీడు గురించి పుస్తకం రాసి దోషం బ్రిటన్‌దేనన్నారు. ఆ ఏడాదే సర్కారు నల్లమందు ఎగుమతులను ఏటేటా తగ్గించి పదేళ్లలో ఆపేస్తామని ప్రకటించింది.

స్వాతంత్ర్యం తర్వాత లైసెన్సు దుకాణాల్లో నల్లమందు అమ్మకం క్రమంగా మూతపడింది. తెలుగు పల్లెల్లో ఆ అలవాటు తాతలతోనే పోయింది. ఇక మత్తుమందు బెడద తీరిందని అనుకోవడానికి అప్పుడు అన్ని కారణాలూ ఉన్నాయి.

గీసేవాడిదే చెట్టు

తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో దున్నేవాడిదే భూమి అన్న మాటతో పాటు గీసేవాడిదే చెట్టు అన్న మాట కూడా వినిపించేది. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం ఆ మాటను జీవితాంతం వదల్లేదు. 1952లో హైదరాబాద్ శాసనసభకు ఎన్నికై, తర్వాత పార్లమెంటుకు వెళ్లినా గీత కార్మికుల సంఘమే ఆయనకు ఇల్లు. ఆ పోరాటాల ఫలితంగా గుత్తేదారు స్థానంలో గీత కార్మికుల సహకార సంఘాలు వచ్చాయి. సొసైటీలో సభ్యుడికి చెట్లు, సొసైటీకి దుకాణం. న్యాయంగా నడిస్తే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

ఆ పని ఎంత కష్టమో పట్నంలో సీసా ఎత్తేవాడికి తెలియదు. నడుముకు ముస్తాదు, చెట్టుకూ మనిషికీ కలిపి మోకు, కాళ్లకు బంధం, వెనక కత్తులు, లొట్టి. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి అంత ఎత్తూ ఎక్కి, గెలను పలుచగా, రేకులా చెక్కాలి. కత్తి లోతుగా దిగితే గెల చస్తుంది, పైపైన పోతే కల్లు కారదు. మోకు జారితే నడుము విరుగుతుంది, ప్రాణం పోతుంది. 2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో జారకుండా పట్టే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల దేవుడు. చలికాలం నుంచి ఎండాకాలం దాకా పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అంటూ చెట్ల వంతులు మారుతుంటాయి. ఇంత చేస్తే ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. వానాకాలంలో అదీ తగ్గుతుంది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పులుస్తుంది. మర్నాటికి నోట పెట్టలేం. అందుకే అసలు కల్లు దూరం పోదు, నిలవుండదు. ఎల్లమ్మకు సాక పోసేది, బోనాలకు, దసరాకు, చావుకు, పెళ్లికి అందరూ కూర్చుని తాగేది ఆ కల్లే.

ఇప్పుడు లెక్క చూడండి. 1970ల తర్వాత తెలంగాణలో బోర్లు పడ్డాయి. పొలం గట్ల మీది తాళ్లు నీడ పెడుతున్నాయని నరికారు. ఇటుక బట్టీలకు, దూలాలకు కొట్టారు. తర్వాత ఊరి చుట్టూ ప్లాట్లు వచ్చాయి. తాటిగింజ మొలిచి గీతకు రావడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది. పోయిన చెట్టుకు బదులు చెట్టు రాలేదు. గౌడుల పిల్లలు చదువులకు, పట్నం కొలువులకు పోతున్నారు. వాళ్లను చెట్టెక్కమనే హక్కు మనకు లేదు. చెట్లు తగ్గాయి, ఎక్కేవాళ్లు తగ్గారు, కల్లు దుకాణాలు మాత్రం తగ్గలేదు. కల్లు కాంపౌండ్లో ఏడాది పొడవునా, వానాకాలంలో కూడా, అడిగినన్ని సీసాలు దొరికాయి. ఒక మండలంలో గీతకు వచ్చే చెట్లెన్ని, ఆ మండలంలో రోజుకు అమ్ముడయ్యే సీసాలెన్ని అని పక్కపక్కన రాస్తే చాలు, మధ్యలో ఉన్న తేడా దేనితో నిండుతోందో తెలిసిపోతుంది. ఆ రెండు అంకెలూ ఆబ్కారీ శాఖ దగ్గరే ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడడం మాత్రం అరుదు.

ఓరుగల్లు ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. జనగామ, పాలకుర్తి, వర్ధన్నపేట దారుల్లో తాటివనాలు ఇంకా కనిపిస్తాయి. చెట్లు బాగా కరువైన నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో కల్తీ ఎంతగా పాతుకుపోయిందో ఇక్కడ అంత లేదు. అంతమాత్రాన ఉమ్మడి వరంగల్ దీనికి బయట ఉందని ఎవరూ అనుకోవద్దు. చెట్టు ఎక్కడ కరువైతే పొడి అక్కడికి వస్తుంది.

కల్తీ అనగానే గౌడుల వైపు వేలు చూపడం మన మధ్యతరగతికి అలవాటు. చెట్టెక్కేవాడు వేరు, సీసా నింపేవాడు వేరు. చాలాచోట్ల లైసెన్సు సొసైటీ పేరు మీద ఉంటుంది, నడిపేది పెట్టుబడి పెట్టినవాడు. పాత గుత్తేదారు పేరు మార్చుకుని తిరిగి వచ్చాడంతే. పొడి కల్లు అగ్గువకు దొరికే ఊళ్లో చెట్టు కల్లు అమ్ముకునే గీత కార్మికుడే ముందు నష్టపోతాడు. ఈ దందాలో అతనూ బాధితుడే.

కిలో పొడి లెక్క

మొదట వచ్చింది క్లోరల్ హైడ్రేట్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1832లో తయారుచేశాడు. అది నిద్ర తెప్పిస్తుందని 1869లో బెర్లిన్‌లో లీబ్రైక్ చెప్పాడు. విక్టోరియా కాలపు యూరప్‌లో నిద్రమందుగా వాడి, అలవాటుపడి చెడినవాళ్లు చాలామంది ఉన్నారు. వైద్యం దాన్ని దాదాపుగా వదిలేసిన కాలంలో, 1980లలో, 90లలో, అది మన కల్లు కుండల్లోకి వచ్చింది. పల్లెల్లో దాని పేరు సీహెచ్. తీపికి సాక్రిన్, మత్తుకు సీహెచ్, మిగతాది నీళ్లు.

తర్వాత వచ్చింది డయజెపామ్. రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టగా 1963లో వ్యాలియం పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఆందోళనకు, ఫిట్స్‌కు మంచి మందు. దాన్ని మనవాళ్లు డైజోఫాం అన్నారు. ఆ మాట ఎంత పాతుకుందంటే ఏ పొడి కలిపినా డైజోఫాం కల్లు అనే అంటారు. ఇప్పుడు రాజ్యమేలుతున్నది ఆల్ప్రజోలం. అమెరికాలో 1981లో గ్జానాక్స్ పేరుతో అనుమతి పొందిన మందు.

ఈ వరుస కాకతాళీయం కాదు. క్లోరల్ హైడ్రేట్‌తో మనిషిని నిద్రపుచ్చాలంటే ఒక గ్రాము దాకా కావాలి. అంటే కిలో తెస్తే వెయ్యి మోతాదులు. డయజెపామ్ పది మిల్లీగ్రాములు చాలు, కిలోకు లక్ష మోతాదులు. ఆల్ప్రజోలం అర మిల్లీగ్రాము మాత్ర చాలు, కిలోకు ఇరవై లక్షలు. మొదటిదానికి లారీ కావాలి, చివరిదానికి బైకు మీద ఒక సంచి చాలు. తనిఖీ ఎంత గట్టిదైతే సరుకు అంత చిన్నదైంది, అంత బలమైనదైంది. 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఆల్ప్రజోలం వంద గ్రాములు దొరికితేనే వాణిజ్య పరిమాణం, పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా శిక్ష. అయినా ఆగలేదు, ఎందుకంటే ఆ వంద గ్రాముల్లో రెండు లక్షల మోతాదులున్నాయి.

నల్లమందు ప్రపంచమంతటా నడిచిన దారి కూడా ఇదే. నల్లమందు నుంచి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మార్ఫిన్ తీశారు. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గుమందుగా అమ్మింది. 1960 నాటికి బెల్జియంలో పాల్ జాన్సెన్ ఫెంటనిల్ తయారుచేశాడు. మార్ఫిన్ కంటే యాభై నుంచి వంద రెట్లు బలం. అమెరికాలో 1996లో పర్డ్యూ కంపెనీ ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రను అలవాటు కాదని చెప్పి డాక్టర్ల చేత రాయించింది. అలవాటుపడ్డవాళ్లకు మాత్రలు దొరక్కుండా కట్టడి చేసేసరికి వాళ్లు హెరాయిన్‌కు, ఆ తర్వాత దొంగ ఫెంటనిల్‌కు పోయారు. 2022లో ఒక్క ఏడాదిలో ఆ దేశంలో మత్తు మోతాదు మించి చనిపోయినవాళ్లు లక్షకు పైగా. అందులో 80 వేలకు పైగా నల్లమందు జాతి మందులతోనే. కల్లులో కలిసే పొడి ఆ జాతిది కాదు, నిద్రమందుల జాతిది. కానీ రెండూ ఊపిరిని నెమ్మదింపజేసేవే. రెండూ కలిస్తే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఎంతుందో చెబుతూ 2016లో అమెరికా ఔషధ సంస్థ ఆ మందుల డబ్బాల మీద అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక వేయించింది. నొప్పికి ట్రమడాల్ మింగి, పైన పొడి కల్లు తాగే మనిషికి ఆ హెచ్చరిక ఎవరూ చదివి వినిపించరు. ట్రమడాల్ కూడా నల్లమందు జాతిదే. మన దేశంలో 2018 ఏప్రిల్‌లో మాత్రమే దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు.

ఈ పొడి ఎక్కడి నుంచి వస్తుంది? 1961లో ఏర్పడిన ఐడీపీఎల్, సోవియట్ సాయంతో బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చుకున్న ఇంజనీర్లు, కెమిస్టులు సొంత కంపెనీలు పెట్టి హైదరాబాద్‌ను దేశానికి మందుల రాజధాని చేశారు. ప్రపంచంలో పేదవాడికి చవకగా మందు అందుతోందంటే ఆ శ్రమ వల్లే, అది మనకు గర్వకారణం. అయితే ఆ విద్య కొందరి చేతుల్లో మూతపడ్డ షెడ్లలోకి, అద్దె ఇళ్లలోకి పోయింది. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ బృందం ఓల్డ్ బోయినపల్లిలో ఒక ప్రైవేటు బడి మీద దాడి చేసింది. కింద పిల్లలకు పాఠాలు జరుగుతున్న భవనంలోనే ఆల్ప్రజోలం తయారవుతుండేది. ఆ సరుకు పోయేది మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకు.

మానిపించిన రోజున

నాట్లు వేసి నడుము పడిపోయిన ఆడకూలీ, రోజంతా వంగి బీడీలు చుట్టిన మనిషి, సుతారి పని ముగించుకుని వచ్చినవాడు. వీళ్లకు సాయంత్రం సీసా కల్లు తాగితే ఒళ్లు తేలికవుతుంది, కంటినిండా నిద్ర పడుతుంది. కొన్నాళ్లకు ఒక సీసా చాలదు. ఇంకొన్నాళ్లకు కల్లు లేకుంటే నిద్రే రాదు. చేతులు వణుకుతాయి, నాలుక తడబడుతుంది, అన్నం సయించదు, కారణం లేని భయం పట్టుకుంటుంది. సీసా పడగానే అన్నీ సర్దుకుంటాయి. తాను తాగేది కల్లే అనుకుంటాడు కాబట్టి, తనకు మందు అలవాటైందని అతనికి చివరిదాకా తెలియదు. హెరాయిన్ వాడేవాడికి తాను ఏం వాడుతున్నాడో తెలుసు. ఇక్కడ ఆ ఎరుక కూడా లేకుండా చేశారు. నా మనసుకు అన్నిటికంటే ఘోరంగా తోచేది ఇదే.

ప్రభుత్వాలు సారాను చూశాయి, ఈ సీసాను చూడలేదు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం తెచ్చినప్పుడు కల్లుకు మినహాయింపు ఇచ్చారు. గీత కార్మికుల బతుకు దృష్ట్యా అది న్యాయమైన మినహాయింపే. కానీ మిగతా తలుపులన్నీ మూసి ఒక్కటే తెరిచి ఉంచినప్పుడు అటు వచ్చే జనానికి సరిపడా చెట్లున్నాయా అని ఎవరూ చూడలేదు. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూయించారు. 2014 దసరాకు తెలంగాణ ప్రభుత్వం తిరిగి తెరిపించింది. 2015లో హరితహారం కింద తాటి, ఈత మొక్కలు నాటడం మొదలైంది. మంచి పనే, ఫలితం రావడానికి మాత్రం ఒక తరం పడుతుంది.

2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద ఆబ్కారీ అధికారులు పెద్ద ఎత్తున దాడులు చేశారు. ఉద్దేశం మంచిదే. పొడి సరఫరా ఒక్కసారిగా ఆగింది. రెండు మూడు రోజుల్లో మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల ఆస్పత్రులు నిండిపోయాయి. ఫిట్స్ వచ్చి కింద పడేవాళ్లు, లేనివి కనిపిస్తున్నాయని అరిచేవాళ్లు, సొంత పిల్లలను గుర్తుపట్టనివాళ్లు, మంచానికి కట్టేస్తే గుంజుకునేవాళ్లు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరారు. కొందరు చనిపోయారు. ఊళ్లలో గాలి సోకిందని భూతవైద్యుల దగ్గరికి తీసుకుపోయినవాళ్లూ ఉన్నారు.

నల్లమందు, హెరాయిన్ మానేసినప్పుడు మనిషి నరకం చూస్తాడు. ఒళ్లంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు. కానీ ఆ బాధతోనే చనిపోవడం అరుదు. ఆల్ప్రజోలం, డయజెపామ్ జాతి మందులు ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపితే వచ్చే ఫిట్స్ ప్రాణం తీయగలవు. డాక్టర్లు చేసేది తిరిగి అదే జాతి మందును కొలతగా ఇచ్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించడం. అందుకే దుకాణం మూసే రోజున పక్కనే ఆస్పత్రి మంచం, మందు సిద్ధంగా ఉండాలి. దాడి చేసే శాఖ ఒకటి, వైద్యం చేసే శాఖ ఇంకొకటి. 2015లో మొదటిది బయలుదేరిన సంగతి రెండోదానికి రోగులు వచ్చాకే తెలిసింది.

పదేళ్ల తర్వాత కూడా పెద్దగా మారిందేమీ లేదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగినవాళ్లు మెడలు వంకర్లు తిరిగి, నాలుక మొద్దుబారి ఆస్పత్రుల్లో చేరారు. జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో, బీపీ పడిపోయి, కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో చేరారు. పలువురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రెక్కల కష్టం మీద బతికేవాళ్లు.

దేశమంతటి చిత్రం 2019 ఫిబ్రవరిలో బయటపడింది. ఎయిమ్స్ వైద్యులు జరిపిన జాతీయ సర్వే ప్రకారం వైద్యానికి కాకుండా నిద్రమందులు, మత్తుబిళ్లలు వాడుతున్నవాళ్లు దేశంలో సుమారు 1.18 కోట్లు. నల్లమందు జాతి మందులు వాడుతున్నవాళ్లు అంతకు దాదాపు రెట్టింపు. రెండింటిలోనూ చికిత్స అవసరమైనవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరుసలో ఆంధ్రప్రదేశ్ పేరుంది. కల్లులో తెలియకుండా మింగినవాడు సర్వేలో అడిగితే ఏమని చెబుతాడు? కల్లు తాగానంటాడు. కాబట్టి మన దగ్గర అసలు సంఖ్య ఆ పట్టికల కంటే ఎక్కువే ఉంటుందని నా నమ్మకం.

భయంతో చట్టం బిగించినప్పుడు ఇంకో నష్టం కూడా జరిగింది, అది కూడా ఈ చరిత్రలో రాయాలి. 1985 చట్టం తర్వాత ఆస్పత్రులు కేసుల భయంతో మార్ఫిన్ తెప్పించుకోవడమే మానేశాయి. క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లు నొప్పితో అరుస్తూ చనిపోయారు. దేశానికంతటికీ సరిపోయే నల్లమందు మన మధ్యప్రదేశ్, రాజస్థాన్ పొలాల్లోనే సర్కారు లైసెన్సుతో పండుతున్నా సరే. 2014లో చట్టం సవరించాక దారి కొంత తేలికైంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఉపశమన వైద్యాన్ని నిలబెట్టిన డాక్టర్ గాయత్రి పాలట్ లాంటివాళ్లు మార్ఫిన్ సరిగా ఇస్తే రోగి నెమ్మదిగా, గౌరవంగా ఉండగలడని చూపించారు. అదే మందు ఒకచోట దయ, ఇంకోచోట హత్య. తేడా అంతా ఎవరు ఇస్తున్నారు, కొలత ఎవరు చూస్తున్నారు, తీసుకునేవాడికి నిజం చెప్పారా లేదా అన్నదాంట్లో ఉంది.

ఇంట్లో ఎవరికైనా ఈ అలవాటుంటే తిట్టి, గదిలో పెట్టి తాళం వేసి మాన్పించబోవద్దు. పెద్దాస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోయి, ఎన్నేళ్లుగా రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నారో దాచకుండా చెప్పాలి. మత్తు మానుకోవడానికి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 14446. కల్తీ గురించి చెప్పాలనుకునేవాళ్లకు రాష్ట్రంలో ఈగల్ నంబరు 1908.

వచ్చే భాగంలో ఇదే కాలపు ఇంకో పాయలోకి వెళ్దాం: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడం, ఆ గాలి తెలంగాణకు వచ్చేసరికి ఇక్కడ అప్పటికే అడవిలో అన్నలు సారా మీద పెట్టిన నిషేధం, ఆ రెండింటి మధ్య మన ఊళ్ల ఆడవాళ్లు ఎంచుకున్న దారి.